కాటుకేటి గట్టున కంచె

మేఘదుర్గానికి తూర్పున కొండలు, పడమట కాటుకేరు. కొండల నిండా మద్దిచెట్లు. తెల్లవారితే మబ్బులు వాటి కొమ్మల్లో చిక్కుకుని, పొద్దెక్కేదాకా కదలవు. కోట బురుజుల మీద ఇత్తడి కలశాలు మెరుస్తుంటాయి. సింహద్వారం నుంచి కింద పచ్చికబయలు దాకా మూడు వందల అరవై రాతిమెట్లు, మెట్టు మెట్టుకూ ఇరుపక్కలా గన్నేరుపొదలు. బయలు దాటితే ఏరు. దాని నీళ్ళు నడివేసవిలో కూడా కాటుక కలిపినట్టు నల్లగానే ఉంటాయి. ఏటి అవతల గడ్డిపరక మొలవని బూడిద దిబ్బలు. ఆ దిబ్బల మధ్య భస్మాక్షుడనే మాంత్రికుడు కాపురం ఉంటాడు. వాడి కనుగుడ్లు రెండూ బూడిదరంగు.

ఇంత సొగసైన దుర్గంలో ఆ రోజు ఒక్కరి ముఖంలోనూ నెత్తురుచుక్క లేదు.

ఏడు రోజుల కిందట భస్మాక్షుడు బైరాగి వేషం వేసుకుని ఏరు దాటి వచ్చాడు. బయల్లో సాము చేస్తున్న కోట సైనికులకు విభూతి పంచుతానన్నాడు. పుణ్యం చవగ్గా దొరుకుతోందనగానే నూట ఇరవై మందీ తలలు వంచారు. పిడికెడు బూడిద గాలిలోకి ఎగిరింది. కళ్ళు నులుముకుని తెరిచేసరికి అక్కడ నూట ఇరవై గుర్రాలు సకిలిస్తున్నాయి. భస్మాక్షుడు అవతలి గట్టెక్కి, ఈ గట్టున గుండెలు బాదుకుంటున్న జనానికి వినపడేలా ఇలా అన్నాడు:

“ఏడో రోజు పొద్దు వాలేటప్పుడు మూడుసార్లు కొమ్ము ఊదుతాను. ఏరు దాటి నా దగ్గరికొచ్చిన గుర్రం నాది. దాటనిది మళ్ళీ మనిషై మీ ఇంటికొస్తుంది. చేతనైతే ఆపుకోండి.”

మాంత్రికుల్లో ఉన్న మంచిగుణం ఒక్కటే, చెప్పిన మాట తప్పరు. తప్పితే మంత్రం పారదు కాబట్టి.

ఆపడం ఎలా? మేఘదుర్గం వాళ్ళు పుట్టి బుద్ధెరిగి గుర్రాన్ని పెంచిన వాళ్ళు కారు. కొండదారుల్లో బరువులు మోసేది ఎడ్లూ మనుషులూ. తాళ్ళు వేసి కట్టబోయిన ఇద్దరికి పక్కటెముకలు విరిగాయి. మెట్ల మీదుగా కోటలోకి తోలబోతే, మొదటి మెట్టు దగ్గరే గుర్రాలన్నీ మొరాయించి కూర్చున్నంత పని చేశాయి. చివరికి, మంచాన పడ్డ మహారాజు బదులు కోటను నడుపుతున్న రాకుమారి కనకలేఖ, కోట వడ్రంగి మాచన్నను పిలిపించింది.

“బయలు చుట్టూ కంచె కట్టగలవా, మాచన్నా?”

“కడతానమ్మా. మా తమ్ముడు అందులో ఉన్నాడు.”

తమ్ముడు తిప్పన్నను అమ్మా నాన్నా పోయాక మాచన్నే ఎత్తి పెంచాడు. పసితనంలో పాకుతూ వచ్చి, కర్ర చెక్కే బాడిస మీద పడటంతో తిప్పన్న ఎడమచెవి కొన తెగిపోయింది. ఇప్పుడు ఆ మందలో ఒక ఎర్ర గుర్రానికి ఎడమచెవి కొన లేదు. ఆరు రోజులుగా మాచన్న అన్నం ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఒకసారి ఆ గుర్రాన్ని వెతుక్కుని చూస్తున్నాడు.

కంచె కట్టడంలో మాచన్నను మించినవాడు ఆ కొండల్లో లేడు. ఊరంతటినీ పనిలో పెట్టాడు. చేవదేరిన మద్దిగుంజలు ఒక్కొక్కటి ఆరు మూరలు. అడుగు భాగాన్ని చెదలు పట్టకుండా నిప్పుల్లో కాల్పించి, రెండు మూరలు నేలలో పాతించాడు. గుంటలో మన్ను ఒకేసారి పోయనివ్వలేదు. జానెడు జానెడు పోయించి, దిమ్మిసతో కొట్టించి, మళ్ళీ పోయించాడు. గుంజకూ గుంజకూ మూడు వరసల అడ్డకర్రలు. వాటిని చండ్రకర్ర మేకులతో బిగించాడు. నాలుగు మూలలూ గీత గీసినట్టు వచ్చాయి. ఏడో రోజు మధ్యాహ్నం దాటేసరికి ఆఖరి మేకు దిగింది. గుర్రాలన్నీ కంచె లోపల ఉన్నాయి. పొద్దు వాలడానికి ఇంకా అయిదు ఘడియల వ్యవధి ఉంది. మాచన్న ఏటి వైపు గుంజ ఒకదాన్ని అరచేత్తో నిమిరి, వారం రోజుల్లో మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడే ఒక ముసలామె నెత్తిన గడ్డిమోపుతో వచ్చి, మోపు దించి, కంచెను ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసింది.

“ఎవురప్పా దీన్ని కట్టింది?”

“నేనే. ఏం?”

“గుంజలు బాగుండాయి. ఏనుగొచ్చి గుద్దినా కదలవు.” మాచన్న మీసం మీదికి చెయ్యి పోబోయింది. అంతలో ఆమె, “అడ్డకర్రలు మాత్రం తప్పు పక్కన కొట్టినావు,” అంది.

మాచన్నకు ఒళ్ళు మండింది. “అవ్వా, మా తాతల కాలం నుంచీ అడ్డకర్ర బయటి పక్కనే కొడతాం. మా కోట చుట్టూ చూడు. ఒక్కటి ఊడిందేమో చూపించు.”

“మీ తాతలు ఎవుర్ని ఆపేదానికి కట్టినారు?”

“ఏనుగుల్ని. శత్రువుల్ని.”

“వాళ్ళు యాడినుంచి వస్తారు?”

“బయటినుంచి.”

“ఈ గుర్రాలు యాడినుంచి వస్తాయి, నాయనా?”

మాచన్న తల తిప్పి కంచె లోపలి గుర్రాలను చూశాడు.

ముసలామె కొంగు నడుముకు దోపుకుని, అడ్డకర్రల సందులోంచి లోపలికి దూరి, ఎదురుగా నిలబడింది. “బయటినుంచి గుద్దితే బరువు గుంజ మీద పడుతుంది. లోపలినుంచి గుద్దితే మేకు మీద పడుతుంది. గుర్రం రొమ్ము ఆనించి తోస్తుంది. నూటిరవై రొమ్ములను ఆపుతాయా నీ మేకులు? అడ్డకర్ర లోపలి పక్కనుంటే, అవి ఎంత తోస్తే కర్ర అంత గట్టిగా గుంజకు అతుక్కుంటుంది.”

ఇంత చిన్న సంగతి నూట ఇరవై గుంజలు పాతిన వడ్రంగికి తట్టలేదు. తట్టకపోవడంలో వింతేమీ లేదు. ఏడు తరాలుగా మేఘదుర్గం వాళ్ళకు భయమన్నది బయటినుంచే వచ్చింది. లోపలున్న సొంతవాళ్ళను ఆపుకోవలసిన అవసరం వాళ్ళకు ఎన్నడూ పడలేదు. మాచన్న పెద్ద కొయ్యసుత్తి అందుకుని, తనూ లోపలికి దూరి, లోపలి పక్కనుంచి నడిమి అడ్డకర్రను బలమంతా పెట్టి కొట్టాడు. ఒక దెబ్బకు కర్ర మూలిగింది. రెండో దెబ్బకు మేకు వేలెడు బయటికొచ్చింది. మూడో దెబ్బకు మేకులు రెండూ ఎగిరి గడ్డిలో పడ్డాయి. 

సుత్తి చప్పుడుకు దళవాయి చండనాయకుడు పరిగెత్తుకొచ్చాడు. కోట సైన్యానికి పెద్ద ఆయన. బూడిద చల్లిన రోజు జ్వరంతో ఇంట్లో పడుకున్నందువల్ల మనిషిగా మిగిలాడు. ఆయన వెనకే కనకలేఖ విల్లు భుజాన వేసుకుని వచ్చింది. మాచన్న తలవంచుకుని జరిగింది చెప్పాడు.

చండనాయకుడు ముసలామె మాట తీరు రెండు ముక్కలు విన్నాడో లేదో కత్తి దూశాడు. “రాకుమారీ, ఇది ఏటి అవతలి యాస. ఇది మాంత్రికుడు పంపిన మనిషి. పొద్దువాలడానికి అయిదు ఘడియలుండగా వచ్చి, కట్టిన కంచె ఊడదీయమంటోంది. శత్రువు ఇంతకంటే ఏం చెబుతాడు?”

నిజమే. శత్రువు వచ్చినా సరిగ్గా అదే చెబుతాడు.

“నీ పేరేమిటి?” అంది కనకలేఖ.

“ఓబులమ్మ. అవతలిదాన్నే తల్లీ, ఆ దిబ్బలు దాటినాక మా ఊరు. గడ్డి అమ్మేదాన్ని కాదు, గుర్రాలు మేపేవాళ్ళ ఆడదాన్ని. ఆ మాట చెప్పింటే మీ కాపలావోళ్ళు నన్ను ఏరు దాటనిస్తుండ్రా?”

“మాకెందుకు సాయం చేస్తున్నావు?”

“అది చెప్పేదానికి పొద్దు చాలదు. ముందు కర్రలు మార్చండి.”

కనకలేఖ మాచన్న వైపు తిరిగింది. “నీ మాట ఏమిటి?”

మాచన్నకు ఒక్క క్షణం తన ఏడు తరాల వాళ్ళూ వరసగా నిలబడి తనను చూస్తున్నట్టనిపించింది. “తప్పు నాదే అమ్మా. ఆమె ఎవరైనా కానీ, ఆమె చెప్పిందే నిజం. ఇలాగే వదిలేస్తే మొదటి కూతకే కంచె పోతుంది. ఊడదీసి పొద్దువాలేలోపల మళ్ళీ బిగించలేకపోతే కంచే ఉండదు.”

“బిగించగలవా?”

“తెలీదమ్మా.”

“ఊడదియ్యండి,” అంది కనకలేఖ. దళవాయి ఏదో అనబోయాడు. “మోసమైతే ఈమె తల నీది, మాచన్న తల నాది. నా తల సంగతి నాన్నగారు చూసుకుంటారు. కత్తి ఒరలో పెట్టి సుత్తి పట్టుకో.”

పట్టుకున్నాడు. అంత పెద్ద దళవాయికీ చెప్పిన పని చేయడం వచ్చునని ఆ రోజే అందరికీ తెలిసింది.

మిగతా మూడు వైపులా ముట్టుకోవద్దంది ఓబులమ్మ. కొమ్ము వినపడేది ఏటినుంచి గనక మంద అటే పోతుంది. ఏటి వైపు నలభై గుంజలు, మూడు వరసల్లో అరవై పొడుగు అడ్డకర్రలు. కూత వచ్చేది నడిమి నుంచి గనక నడుమ మొదలుపెట్టి రెండు కొసలకూ పోవాలి. ఆ తర్వాత ఏటి వైపు ఉన్న రెండు మూలలూ కోసెయ్యాలి.

“మూలలేం చేశాయి?” అన్నాడు మాచన్న. అవంటే అతనికి ముచ్చట.

“గుర్రం మూలలో ఇరుక్కుంటే వెనక్కి తిరగలేదప్పా. వెనకొచ్చేవి దాన్ని తొక్కి, దాని మీంచి దూకుతాయి. మూలకు అడ్డంగా ఏటవాలు కర్రలు వేస్తే మంద తిరుగుతా పోతుంది, యాడా నిలబడదు.”

చిక్కల్లా ఒక్కటే. కర్రలు లోపలి పక్క బిగించాలంటే లోపల నిలబడి బిగించాలి. లోపల నూట ఇరవై గుర్రాలు ఉన్నాయి. ఓబులమ్మ రెండు బుట్టల ఉప్పు తెప్పించి, ఒళ్ళో పోసుకుని మందలోకి నడిచింది. నాలుకతో టక్ టక్ అని ఒక చప్పుడు చేస్తూ, తూర్పు కొసకు పోయి, రాళ్ళ మీద ఉప్పు రాశులు పోసింది. ఒక్కొక్క గుర్రమే తల తిప్పింది. కాసేపటికి మందంతా ఆమె చుట్టూ చేరి రాళ్ళు నాకుతోంది. వారం కిందటిదాకా ఆ గుర్రాలకు కవాతు చేయించిన చండనాయకుడు ఇది చూసి, తనకు ఉప్పు సంగతి ముందే తెలిసుంటే బాగుండేదనుకున్నాడు.

పని మొదలైంది. ఆడా మగా, వంటవాళ్ళూ, కోవెల పూజారీ, అందరూ అక్కడే. కొందరు పాత మేకులు కొట్టి ఊడదీస్తున్నారు. కొందరు కర్రలు లోపలికి అందిస్తున్నారు. గుంజలకు లోపలి పక్క కొత్త బెజ్జాలు వేయాలి. దుర్గం మొత్తానికి బర్మాలు పదకొండే ఉన్నాయి. ఒకరు తాడు లాగుతుంటే ఒకరు బర్మా అదిమిపట్టారు. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. చేవ మద్దిలో బర్మా కొసలు వేడెక్కి పొగలొచ్చాయి. మాచన్న గుంజ గుంజకూ పరిగెత్తుతూ, “రెండు కర్రల అతుకులు ఒకే గుంజ మీదకి రానివ్వకండి, పైవరస అతుకు ఒకచోట ఉంటే కిందివరసది పక్క గుంజ మీద పడాలి,” అని అరుస్తున్నాడు. అరిచి అరిచి గొంతు పోయింది. మధ్యలో రెండుసార్లు తూర్పు కొస వైపు చూశాడు. చెవికొన తెగిన ఎర్రగుర్రం ఓబులమ్మ చేతిలోంచి ఉప్పు నాకుతోంది.

మూడు ఘడియలు గడిచాయి. ముప్పై గుంజలు పూర్తయ్యాయి. సరిగ్గా అప్పుడు ఏటి అవతలినుంచి ఎర్రని మబ్బు ఒకటి లేచింది.

అది మబ్బు కాదు. ఎర్రజుట్టు వడ్రంగిపిట్టలు. వందలకొద్దీ వచ్చి, కంచె మీద వాలి, కొత్తగా దిగిన మేకుల తలల మీద ముక్కులతో పొడవడం మొదలుపెట్టాయి. బయలంతా టకటకమని మోత. మేకులు పొట్టుపొట్టుగా రాలుతున్నాయి. జనం చేతికందినవాటితో కొట్టారు. ఒక పిట్ట లేస్తే రెండు వాలుతున్నాయి. మాచన్న బిగించిన మేకును కాపాడుతూ దాని మీద అరచెయ్యి మూశాడు. ఒక పిట్ట ముక్కు చేతి వెనకనుంచి అరచేతిదాకా దిగింది. అయినా చెయ్యి తియ్యలేదు.

కనకలేఖ విల్లెక్కుపెట్టింది గానీ దేన్ని కొట్టాలి? ఒక్కొక్క పిట్టకూ ఒక్కొక్క బాణమంటే తెల్లారిపోతుంది. ఆమె బాణం వదలకుండా చూపు కంచె పొడవునా నడిపించింది. వడ్రంగిపిట్ట ఎప్పుడూ మానును కాళ్ళతో కరచుకుని నిట్టనిలువుగా వేలాడుతుంది. అన్నీ అలాగే వేలాడుతున్నాయి. ఒక్కటి మాత్రం పై అడ్డకర్ర మీద కాకిలా అడ్డంగా కూర్చుంది. అది దేన్నీ పొడవడం లేదు. ఊరికే చూస్తోంది. దాని కళ్ళు బూడిదరంగు.

బాణం దాని కంట్లో దిగింది. పిట్ట నేల మీద పడేలోపే పిడికెడు బూడిదై చెదిరిపోయింది. మిగిలిన పిట్టలన్నీ ఎక్కడివక్కడ ఎండు చెక్కపేళ్ళై గలగల రాలాయి. కాటుకేటి అవతల ఎవరో బాధతో మూలిగినట్టు వినిపించింది.

సంతోషించడానికి వ్యవధి లేదు. పిట్టలు చెడగొట్టిన మేకులు నలభై పైచిలుకు. అవన్నీ పెరికి మళ్ళీ కొట్టాలి. ఉప్పు అయిపోయిందని తూర్పు కొసనుంచి ఓబులమ్మ కేక వేసింది. పొద్దు దిబ్బల తలల మీదికి దిగింది. చండనాయకుడు దక్షిణపు మూల తీసుకున్నాడు. మాచన్న ఉత్తరపు మూలకు పరిగెత్తాడు. మూలల్లో పాత అడ్డకర్రలు అప్పటికే ఊడదీశారు, వాటి బదులు మూలకు అడ్డంగా ఏటవాలుగా మూడు కర్రలు పడాలి. అడుగు కర్ర బిగించాడు. నడిమి కర్ర బిగించాడు. పై కర్రకు బెజ్జం వేయబోతుండగా బర్మా మధ్యకి విరిగింది.

“ఇంకో బర్మా,” అని అరవబోయాడు. గొంతులోంచి మాట రాలేదు.

కొమ్ము మోగింది.

మొదటి కూత సన్నగా, తల్లి బిడ్డను పిలిచినంత మెత్తగా వచ్చింది. తూర్పు కొసన గుర్రాల చెవులన్నీ ఒక్కసారి నిక్కాయి. ఓబులమ్మ పక్కకు దూకి కంచె పట్టుకుంది. మంద కదిలింది. నూట ఇరవై గుర్రాలు బయలు పొడవునా దుమ్ము రేపుకుంటూ వచ్చి, ఏటి వైపు కంచెకు రొమ్ములు ఆనించి తోశాయి. అడ్డకర్రలు కిర్రుమన్నాయి. జనమంతా కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తెరిచి చూస్తే కంచె నిలబడే ఉంది. ఓబులమ్మ చెప్పినట్టే, తోసినకొద్దీ కర్ర గుంజను కరచుకుంది.

రెండో కూత గట్టిగా వచ్చింది. మంద వెనక్కి తగ్గి పరుగు తీసుకుని కొట్టింది. గుంజలు ఏటి వైపు బెత్తెడు వాలాయి. “ఊతకర్రలు,” అని కనకలేఖ కేక వేసి, తానే ఒక దుంగ ఎత్తి గుంజకు ఆనించి, భుజం పెట్టింది. పూజారి భుజం పెట్టాడు, వంటవాళ్ళు పెట్టారు, కొడుకులూ మొగుళ్ళూ లోపలున్న ఆడవాళ్ళంతా పెట్టారు. దక్షిణపు మూల దగ్గర మంద గిర్రున తిరిగి, ఏటవాలు కర్రల వెంట జారిపోయింది. అక్కడ పని పూర్తయింది. కంచె నిలిచింది.

మూడో కూత మొదలైంది. ఈసారి కొమ్ము ఆగలేదు. వాడు ఊపిరి బిగబట్టి ఊదుతూనే ఉన్నాడు. మంద కంచె వెంట ఉత్తరానికి తిరిగింది.

ఉత్తరపు మూలలో మాచన్న పై కర్రను బెజ్జం లేకుండానే గుంజకు ఆనించి, రెండు చేతులా పట్టుకుని బయట నిలబడ్డాడు. ముందొచ్చిన గుర్రాలు ఏటవాలు కర్రల దగ్గర తిరగబోయాయి. మధ్యలో ఒకటి జారి మోకాళ్ళ మీద పడింది. దాని మీద ఇంకొకటి పడింది. వెనకనుంచి ఎర్రగుర్రం వచ్చింది. ఎడమచెవికి కొన లేదు.

“తిప్పా,” అన్నాడు మాచన్న. పోయిన గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది. “వద్దురా తిప్పా.”

గుర్రం పడినవాటి వీపుల మీదికి కాళ్ళెత్తింది. పై కర్రకు రొమ్ము తగిలింది. మాచన్న చేతులు రెండూ దాన్ని ఆపలేకపోయాయి. కర్ర అతని భుజం మీదుగా ఎగిరిపోయింది, గుర్రం అతని తల మీంచి దూకింది. గట్టు దిగి, నల్లనీళ్ళు చిమ్ముకుంటూ ఈదుకుపోయింది. మాచన్న లేచి వెంటపడేలోపు మంద తిరిగి, మూల ఖాళీ అయింది. మరొక్క గుర్రం కూడా దూకలేదు. ఎర్రగుర్రం అవతలి గట్టు ఎక్కేదాకా కొమ్ము మోగి, అప్పుడు ఆగింది.

కంచెలోపల దుమ్ము అణిగేసరికి అక్కడ గుర్రాలు లేవు. నేల మీద మనుషులు బోర్లా, వెల్లకిలా పడున్నారు. కొందరు దగ్గుతున్నారు. కొందరు తమ చేతులను తామే తిప్పి చూసుకుంటున్నారు. కంచె మీంచి దూకి జనం లోపలికి పరిగెత్తారు. ఏడుపులూ నవ్వులూ కలిసిపోయాయి. ఒకావిడ మొగుణ్ణి కౌగిలించుకుని, విభూతికి తల వంచినందుకు అక్కడికక్కడే తిట్టడం మొదలుపెట్టింది. చండనాయకుడు మనుషుల్ని వరసలో కూర్చోబెట్టి లెక్కపెట్టాడు. నూట పంతొమ్మిది.

కనకలేఖ ఉత్తరపు మూలకు వచ్చింది. ఆమె భుజం తోలు లేచిపోయి ఉంది. “నూట పంతొమ్మిది మందిని తెచ్చావు, మాచన్నా.”

“మూల కట్టింది నేనే అమ్మా,” అన్నాడు మాచన్న గుసగుసగా. “ముచ్చటపడి కట్టాను.” ఆ తర్వాత పసిపిల్లవాడిలా ఏడ్చాడు. కనకలేఖ అక్కడే నిలబడింది.

కాసేపటికి అతను ముఖం తుడుచుకుని, గొడ్డలీ కొయ్యసుత్తీ తీసుకుని గట్టు దిగాడు. అక్కడ మోకాలిలోతు నీళ్ళలో ఓబులమ్మ నిలబడి ఉంది.

“గొడ్డలి వదిలెయ్ నాయనా. ఆ దిబ్బలు తగిలితే ఇనుము తుప్పై రాలిపోతుంది. సుత్తి పట్టుకో చాలు.”

“తిప్పణ్ణి ఎక్కడ పెడతాడు?”

“దొడ్డిలో. అందర్నీ ఆడనే పెడతాడు.”

“దానికీ కంచే కదా. పగలగొడతాను.”

“చండ్ర గుంజలు. మూడు మూరలు భూమిలో ఉండాయి. కర్రలు లోపలి పక్క. మూలనేదే లేదు, గుండ్రంగా ఉండాది. పన్నెండేండ్లుగా ఒక్క గుర్రం బయటికి రాలేదు.”

“ఇంత వివరంగా నీకెలా తెలుసవ్వా?”

“నేను కట్టినా,” అంది ఓబులమ్మ. “నేనూ నా మొగుడూ. కూలికి పిలిస్తే పోయి కట్టినాం. ఆకరి గుంజకు ఆయన మన్ను దిమ్మిస చేస్తాంటే, ఆ పాపిష్టోడు వెనకనుంచి వచ్చి నెత్తిన బూడిద జల్లినాడు. ఆ దొడ్డిలో నిలబడిన మొదటి గుర్రం ఆయనే. పన్నెండేండ్లుగా దొంగతనంగా పోయి, నా చేత్తో కొట్టిన మేకులు నేనే పెరికి చూస్తాండా. ఒక్కటి కదల్లేదు.” ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. “నా పనితనం అంత గట్టిది.”

మాచన్న గొడ్డలిని గట్టు మీదికి విసిరేసి, సుత్తి భుజాన పెట్టుకున్నాడు.

“ఇద్దరం కలిసి పెరుకుదాం, పద,” అన్నాడు.

నల్లనీళ్ళు నడుముదాకా వచ్చాయి, రొమ్ముదాకా వచ్చాయి. వెనక గట్టు మీద కనకలేఖ అమ్ములపొది బిగించుకుంటూ పరుగున దిగుతోంది. ఎదుటి గట్టున భస్మాక్షుడు ఒక కన్ను అరచేత్తో మూసుకుని, రెండో చేత్తో తిప్పన్న జూలు పట్టుకుని, వాళ్ళు దగ్గరికొస్తున్నా కదలకుండా నిలబడి ఉన్నాడు.